వయసు లెక్క తెలిసిన మనకు ఒంటరితనం కనబడలేదు



పోయిన నెల మన యౌవనస్థుల కూడికలో ఒక చిన్న నవల గురించి పెద్ద గొడవ జరిగింది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మన సంఘపు అమ్మాయి ఆ పుస్తకం చదివి, పండుగకు వచ్చినప్పుడు ఇంకో నలుగురికి ఇచ్చింది. ఆ నలుగురూ మరో పదిమందికి చెప్పారు. చివరికి చదివినవాళ్ల కన్నా చదవకుండా తీర్పు చెప్పినవాళ్లే ఎక్కువైపోయారు. "అయ్యగారూ, ఇలాంటి పుస్తకాలు మన పిల్లలు చదవవచ్చా?" అని మాట మా దాకా వచ్చింది. మేము ఆ పుస్తకం అడిగి తెప్పించుకుని రెండు రాత్రులు కూర్చుని చదివాము. చదివాక మాకు కోపం వచ్చింది. పుస్తకం మీద కాదు, దాని గురించి మనవాళ్లు అన్న మాటల మీద. ఆ కోపంలో కొంత మా మీద మాకే ఉంది. అది ఎందుకో చివర చెబుతాము.

నవల రాసినది జపాను రచయిత్రి హిరోమి కవకామి గారు. జపాను భాషలో 2001లో వచ్చింది. పేరుకు అర్థం 'మాస్టారి సంచి'. అదే సంవత్సరం అక్కడ ఎంతో పేరున్న తనిజాకి బహుమతి దీనికి ఇచ్చారు. ఇంగ్లీషులో మొదట 'ది బ్రీఫ్‌కేస్' అని, తర్వాత 'స్ట్రేంజ్ వెదర్ ఇన్ టోక్యో' అని వచ్చింది.

కథ ఇది. త్సుకికో అనే ఆమెకు 37 ఏళ్లు దాటాయి. పెళ్లి కాలేదు. ఆఫీసు ఉద్యోగం, ఒంటరి కాపురం. ఒక రాత్రి తన పేటలో మందూ భోజనమూ దొరికే చిన్న కొట్టులో కూర్చుని ఉంటే, పక్కనున్న పెద్దాయన కూడా తను అడిగిన వంటకాలే అడుగుతాడు. చూస్తే, హైస్కూల్లో తనకు జపాను భాష చెప్పిన మాస్టారు. పేరు గుర్తుకు రాక 'సెన్సెయ్' అంటుంది, అంటే 'మాస్టారూ' అని. ఆ పిలుపే చివరిదాకా నిలిచిపోతుంది. ఆయన ఆమె కన్నా 30 ఏళ్లకు పైగా పెద్దవాడు. భార్య ఎన్నో ఏళ్ల క్రితమే ఆయనను విడిచి వెళ్లిపోయింది. వీళ్లిద్దరూ అప్పుడప్పుడూ ఆ కొట్టులో కలుస్తారు. ఎవరి బిల్లు వాళ్లే కట్టుకుంటారు. పుట్టగొడుగులు ఏరడానికి కొండకు వెళతారు. బేస్‌బాల్ జట్టు విషయంలో తగవు పడి, ఒకే కొట్టులో కూర్చుని కూడా పలకరించుకోరు. మెల్లమెల్లగా అది ప్రేమ అవుతుంది. కొంతకాలానికి ఆయన చనిపోతాడు. ఆయన ఎప్పుడూ చేత పట్టుకుని తిరిగిన ఆ సంచి ఆమెకు మిగులుతుంది.

దీని మీద మనవాళ్లు అన్న మాటలు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి మాట: "ఛీ, తండ్రి వయసువాడితోనా?" ప్రియులారా, ఈ అనుమానం మనకు ఊరికే రాలేదు. దానిని మేము తీసిపారేయము. గురజాడ వారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. పసిపిల్లలను డబ్బు పుచ్చుకుని కాటికి కాళ్లు చాపిన ముసలివాళ్లకు కట్టబెట్టిన రోజులవి. ఆ ముసలి భర్తలు పోతే, ఆ పిల్లలు బ్రతుకంతా విధవలుగా మగ్గిపోయారు. అందుకే కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించి అంత ఎదిరింపును ఓర్చుకోవలసి వచ్చింది. కాబట్టి పెద్ద వయసు మగవాడు, చిన్న వయసు ఆడది అనగానే మన కడుపులో తిప్పినట్లవడం న్యాయమే. మన అమ్మమ్మల కన్నీళ్లు మనకు నేర్పిన జాగ్రత్త అది.

కానీ జాగ్రత్త వేరు, గుడ్డితనం వేరు. త్సుకికోను ఎవరూ అమ్మలేదు. ఆమె పసిపిల్ల కాదు, ఆయన ఇప్పుడు ఆమెకు పాఠం చెప్పే మాస్టారూ కాదు. ఆమె సంపాదన ఆమెది, ఆమె తలుపు తాళం ఆమె చేతిలో ఉంది. తన ఈడువాడే అయిన పాత క్లాస్‌మేట్ ఒకడు ఆమె వెంటపడతాడు. మంచివాడే. అయినా ఆమె మనసు అటు పోలేదు. మాస్టారి మీద ప్రేమ ఉందన్న మాట ముందు నోరు తెరిచి చెప్పినది కూడా ఆమే. కన్యాశుల్కంలోని పిల్లకు లేనిది సరిగ్గా ఇదే, ఔననడానికీ కాదనడానికీ సొంత నోరు. ఆ తేడా చూడకుండా రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే, ఆనాటి ఆడపిల్లల బాధను కూడా మనం చులకన చేసినట్లే.

వాక్యంలో కూడా ఈ తేడా ఉంది. మొదటి రాజుల గ్రంథం మొదటి అధ్యాయం తెరవండి. ముసలివాడైన దావీదుకు ఒళ్లు వెచ్చబడడం లేదని దేశమంతా వెదికి అబీషగు అనే కన్యను తెచ్చారు. ఆమెను ఎవరైనా 'నీకు ఇష్టమా' అని అడిగారా? అక్కడ ఆ మాటే లేదు. ఇప్పుడు రూతు గ్రంథం మూడవ అధ్యాయం తెరవండి. బోయజు వయసు ఎంతో అక్కడ రాయలేదు, కానీ అతడు రూతును కుమారీ అని పిలుస్తాడు, యౌవనస్థుల వెంట పోకుండా తన దగ్గరకు వచ్చినందుకు ఆమెను మెచ్చుకుంటాడు. ఆమె తనంతట తాను వచ్చి అడిగింది. అతడు దానిని చీకట్లో దాచలేదు. తెల్లారగానే ఊరి గుమ్మం దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, అందరి ముందు తేల్చుకున్నాడు. రెండు చోట్లా వయసు తేడా ఉన్నట్టే కనబడుతుంది. ఒక చోట స్త్రీ దుప్పటిలా వాడబడింది, ఇంకో చోట గౌరవం పొందింది. వయసు లెక్క ఒక్కటే చూసేవాడికి ఈ రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

రెండవ మాట: "అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో!" ఇది మన అమ్మాయిలు కొందరు అన్నది. ఛీ అన్నవాళ్ల కన్నా వీళ్లు నయం అనుకోకండి. వీళ్లూ పుస్తకాన్ని సగమే చదివారు. ఆ నవలలో ముచ్చట తక్కువ, మూల్యం ఎక్కువ. కొత్త సంవత్సరపు రోజుల్లో త్సుకికో తల్లి దగ్గరకు వెళ్లి వచ్చి, తన గదిలో ఒక్కతే కూర్చుని ఆపిల్ పండు తొక్క తీస్తుంది. తొక్క మధ్యలో తెగిపోతుంది. అంతే, ఏడ్చేస్తుంది. ఆపిల్ కోసం ఎవరైనా ఏడుస్తారా? మాస్టారు ఇంట్లో అయిపోయిన బ్యాటరీలను పారేయకుండా దాచుకుంటాడు. ఇన్నాళ్లు తనకు పని చేసిపెట్టిన వాటిని పారేయాలంటే ఆయనకు జాలి. అయిపోయిన బ్యాటరీ మీద ఎవరికి జాలి కలుగుతుంది? తనను కూడా అలాగే పక్కన పెట్టేశారని తెలిసినవాడికే. 30 ఏళ్ల తేడా ఉన్న మనిషిని ప్రేమించడమంటే, ముందుగా పోయేది ఎవరో తెలిసి ప్రేమించడం. చివరికి ఆమె ఆ సంచి తెరిచి చూస్తే లోపల ఏమీ ఉండదు, ఖాళీ. ముచ్చట అనేవాళ్లు ఆ ఖాళీలోకి ఒకసారి తొంగి చూడాలి.

మూడవ మాట: "ఇందులో ఏమీ జరగదు. తింటారు, నడుస్తారు, వాన గురించి మాట్లాడుకుంటారు." మాకు అన్నిటికన్నా బాధ కలిగించిన మాట ఇదే. ఒంటరిగా ఉన్న మనిషికి 'భోంచేశావా' అని ఎదుటివాడు అడగడమే ఆ రోజుకు జరిగిన పెద్ద సంగతి. ఇల్లు నిండా మనుషులున్న మనకు అది ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. కడుపు నిండినవాడు గంజిని చూసి రుచి లేదన్నట్టు.

నాల్గవ మాట పెద్దలది: "అయ్యగారూ, వాళ్లు తాగుతారు కదా!" తాగుతారు. మేము దానిని మెచ్చుకోము. తాగుడు వల్ల కూలిన ఇళ్లు మన పేటలోనే ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. కానీ ఒక ప్రశ్న అడగనివ్వండి. పని ముగించుకుని వచ్చిన ఒంటరి స్త్రీకీ, భార్య లేని ముసలి మాస్టారుకూ ఆ రాత్రి దీపం వెలుగుతూ కనబడిన గడప ఆ కొట్టు ఒక్కటే ఎందుకయింది? మిగతా తలుపులన్నీ ఎందుకు మూసి ఉన్నాయి?

అది జపాను వాళ్ల సమస్య అని తోసేయకండి. అక్కడ ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు 65 ఏళ్లు దాటినవాళ్లు. ఎవరికీ తెలియకుండా ఇంట్లో ఒంటరిగా చనిపోవడానికి వాళ్ల భాషలో ఒక ప్రత్యేకమైన మాటే ఉంది, కొదొకుషి అని. 2018లో బ్రిటన్ ప్రభుత్వం, 2021లో జపాను ప్రభుత్వం ఒంటరితనం గురించి చూసుకోమని మంత్రులకు బాధ్యత అప్పగించాయి. ఇక మన ఊళ్ల సంగతి చూడండి. పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫులో, అమెరికాలో ఉన్నారు. ఇక్కడ ఇంటికొక ముసలమ్మ, వీధికొక తాళం. మనకు మంత్రి లేడు. సంఘం ఉంది. ఆ సంఘం ఏం చేసిందో ఇప్పుడు చెబుతాము.

కొన్నేళ్ల క్రితం మేము సేవ చేసిన ఒక చోట ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు. భార్య ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది, కూతురు దూరాన ఉంది. అదే సంఘంలో నలభై దాటిన సహోదరి ఒకతె, తల్లిని చూసుకుంటూ పెళ్లి చేసుకోకుండా ఉండిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె ఆయనకు కూర గిన్నె తెచ్చి ఇచ్చేది. ఆయన ఆమెకు పాత పత్రికలు ఇచ్చేవారు. చర్చి అరుగు మీద కూర్చుని పావుగంట మాట్లాడుకునేవారు. అంతే. నలుగురు చూస్తుండగానే. నెల తిరిగేసరికి మాటలు మొదలయ్యాయి. "ఈ వయసులో ఆయనకు ఇదేం పని, ఆమెకు సిగ్గు లేదా" అని. సంఘ పెద్దలు మా దగ్గరకు వచ్చారు. మేము ఏం చేశామో తెలుసా? ఆ సహోదరిని పిలిపించి, "అమ్మా, సాక్ష్యం పాడవుతుంది, కూర పంపడం ఆపెయ్" అన్నాము. ఆమె ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. "సరే అయ్యగారూ" అని వెళ్లిపోయింది. మీకు ఇష్టమేనా, పెళ్లి చేసుకుంటారా అని ఆ ఇద్దరినీ మేము అడగలేదు. ఆ ప్రశ్నే మాకు తట్టలేదు.

తర్వాత ఆ మాస్టారు వరసగా మూడు ఆదివారాలు రాలేదు. జ్వరంతో మంచం పట్టారని పాలవాడు చెబితే గాని మాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు కూతురు వచ్చి తనతో తీసుకుపోయింది. ఎక్కడో ఎనిమిదో అంతస్తులో ఉంటున్నారట. ఆ సహోదరి ఇంకా ఆరాధనకు వస్తుంది, వెనక వరసలో కూర్చుంటుంది, ఆశీర్వాదం చెప్పకముందే లేచి వెళ్లిపోతుంది. ఆ కూర గిన్నెలో పాపం ఎక్కడుందో మాకు ఈనాటికీ కనబడలేదు. పాపం మా నోటిలో ఉంది.

కాబట్టి ఆ నవల చదివి 'ఛీ' అన్న పెద్దలతో మాకు తగవు ఉంది. ఆ 'ఛీ' మేమూ ఒకసారి అన్నాము. దాని ఖరీదు మేము కట్టలేదు, ఇద్దరు అమాయకులు కట్టారు. ఆదికాండంలో సృష్టి అంతా మంచిదని చూసిన దేవుడు మొదటిసారి మంచిది కాదు అన్నది దేని గురించి? నరుడు ఒంటరిగా ఉండడం గురించి. ఆయన మంచిది కాదన్న దానిని మనం పరిశుద్ధత అని పేరు పెట్టి కాపలా కాస్తున్నాము.

పిల్లలు ఈ పుస్తకం చదవవచ్చా అని అడిగారు కదా. పెద్దవాళ్లైన పిల్లలు చదవవచ్చు. పెద్దలు తప్పక చదవండి. వయసు తేడా ఉన్న ప్రతి జంటనూ కళ్లు మూసుకుని దీవించమని మేము చెప్పడం లేదు. ఆమెకు నోరు ఉందా, ఆయన చేతిలో ఆమెను లొంగదీసే డబ్బో అధికారమో ఉందా, వాళ్లు వెలుగులో ఉన్నారా, ఇవన్నీ అడగండి. గట్టిగా అడగండి. కానీ వాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల ముఖం చూస్తూ అడగండి. బోయజు ఊరి గుమ్మంలో పెద్దలను కూర్చోబెట్టినట్టు సంఘం గుమ్మంలా ఉండాలి, చాటున చెవులు కొరుక్కునే అరుగులా కాదు.

ఈ వారం మీ వీధిలో తాళం పడని ఒంటరి ఇల్లు ఏదో చూసి, ఒక గిన్నె కూర పట్టుకెళ్లండి. ఎవరైనా ఏమైనా అంటే, అయ్యగారే పంపారని చెప్పండి. ఆ మాట ఇప్పుడైనా పడటానికి మేము సిద్ధంగా ఉన్నాము.

ప్రభువు ఒంటరివారి గడప మరచిపోని హృదయం మనకు దయచేయును గాక. ఆమేన్.