బేరింగు మార్చితే చాలదు, కొలత చూడాలి

కరెంటు లేని రోజున, కాలువ నీరు అడుగంటిన రోజున చేనుకు దిక్కు మన పాత ఆయిలింజనే. అది లోపల్నుంచి డబడబా కొట్టుకుంటే మెకానిక్కు దగ్గరికి మోసుకెళతాం. "బేరింగులు పోయాయి, కొత్తవి వేసేస్తా" అంటాడు. సాయంత్రానికి ఇంజను ఇంటికొస్తుంది. తీరా తడికి అదనొచ్చేసరికి మళ్లీ అదే చప్పుడు!

మా ఇంటి ఇంజను గతీ ఇదే. విప్పించి చూస్తే బేరింగు వెనక సిగరెట్టు పెట్టెలోని తళుకు కాగితం మడతపెట్టి ఉంది. వదులు పోవడానికి పెట్టాడట. ఆ వదులు అసలు బేరింగుది కాదు, అరిగిన క్రాంకుది.

క్రాంకు మీద బేరింగు కూర్చునే చోటు అరిగితే గుండ్రతనం పోయి కోలగా మారుతుంది. కోలగా ఉన్నదానికి కొత్త బేరింగు తొడిగినా ఒకచోట పట్టేస్తుంది, ఒకచోట వదులవుతుంది. ఇది కంటికి కనపడదు. మైక్రోమీటరుతో నిలువునా, అడ్డంగా కొలవాల్సిందే. తేడా ఉంటే గ్రైండింగు చేయించి 0.25 లేదా 0.50 మి.మీ. తగ్గించి, ఆ సైజు బేరింగే వేయాలి. సైజు బేరింగు వీపున అచ్చేసి ఉంటుంది, మీరే చూసుకోవచ్చు. 50 మి.మీ. క్రాంకుకు ఉండాల్సిన సందు సుమారు 0.05 మి.మీ., అంటే నోటుపుస్తకం కాగితం మందంలో దాదాపు సగం. ఇంజను పుస్తకం ఉంటే అందులోని అంకే ప్రమాణం. ఇంత సన్నటి లెక్కలో తళుకు కాగితానికి, రేకు ముక్కకు చోటెక్కడిది? కేపును ఆకురాయితో రాకడమూ అంతే తప్పు.

బిగించేటప్పుడు దగ్గరే కూర్చోండి. గ్రైండింగు రజను ఆయిలు రంధ్రాల్లో దాక్కుంటుంది, కిరసనాయిలుతో కడిగి గాలి కొట్టించండి. బేరింగు రంధ్రం ఆయిలు దారికి ఎదురుగా రావాలి. బేరింగు వీపు పొడిగా ఉండాలి, లోపలివైపు ఆయిలు రాయాలి. ఏ కేపు దానికే, గుర్తులు కలిసేలా పెట్టాలి. నట్లు ఒకేసారి కాకుండా మార్చి మార్చి, టార్కు రెంచితో బిగించాలి. ప్రతి కేపు బిగించాక క్రాంకును చేత్తో తిప్పి చూడాలి. పట్టేస్తే విప్పాల్సిందే, "నడిస్తే అదే సర్దుకుంటుంది" అన్నమాట నమ్మొద్దు.

గ్రైండింగుకు పట్నం పోవాలి, రెండ్రోజులు ఆగాలి, ఖర్చూ అవుతుంది. నిజమే. కానీ బేరింగు పట్టేసి కనెక్టింగు రాడ్డు విరిగితే ఇంజను బాడీకే చిల్లు పడుతుంది. అప్పుడు పోయేది ఇంజనొక్కటే కాదు, ఎండుతున్న పైరు కూడా. తప్పంతా మెకానిక్కుదే అనలేం. "ఇవాళే కావాలి, తక్కువలో కానీయ్" అని తొందరపెట్టేది మనమే కదా!

అందుకే నా మాట ఒక్కటే. పని లేని వేసవిలోనే ఇంజను విప్పించండి. క్రాంకు కొలత, బేరింగు సైజు బిల్లు మీద రాయించుకోండి. కొలత రాయలేనివాడి చేతికి ఇంజను ఇవ్వకండి.