మరక మంచిదే, మరి ఉతికేదెవరు?

నాలుగేళ్లు, ఆరేళ్లు వయసున్న మగపిల్లలుండే ఇంట్లో సాయంత్రం ఆరయ్యేసరికి సోఫా దిండ్లు నేలమీద ఉంటాయి, నేలమీద ఉండాల్సిన చెప్పులు సోఫాలో ఉంటాయి. స్కూలు బ్యాగులో సగం తిన్న అరటిపండు లెక్కల పుస్తకానికి అతుక్కుపోతుంది. గోడమీద గీసిన రైలు హాల్లో బయల్దేరి వంటింటిదాకా వెళుతుంది. అద్దె ఇల్లయితే ఆ రైలు టికెట్టు అడ్వాన్సులోంచి తెగుతుంది. నిక్కరు జేబులు తడమకుండా వాషింగ్ మెషిన్లో వేస్తే గులకరాళ్ల చప్పుడు పక్కింటికి వినిపిస్తుంది. ఇక బాత్‌రూమ్ సంగతి. నిలబడి పోసే విద్య వంటబట్టిన కొత్తలో గురి కుదరదు, కుదిరేదాకా కడగాల్సిందే.

నవ్వి ఊరుకోకూడనిది మాత్రం ఒకటుంది. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ. మింగితే అది గొంతు దిగువన చిక్కుకుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. అనుమానం వస్తే చాలు, వాంతి చేయించే ప్రయత్నాలు మాని నేరుగా ఆస్పత్రికి పరుగెత్తాలి. మిగతా చెత్తంతా ఊడిస్తే పోయేదే.

ఊడ్చేదెవరన్నదే చిక్కు. మగపిల్లాడు ఆమాత్రం అల్లరి చేయకపోతే ఎలా అని నానమ్మ మురిసిపోతుంది. అదే పని మనవరాలు చేస్తే రేపు అత్తారింట్లోనూ ఇంతేనా అంటుంది. చెల్లెల్ని పడేసిందని బురదను పిడిగుద్దులు గుద్దే బుడతడిని చూపించి 'మరక మంచిదే' అని సర్ఫ్ ఎక్సెల్ దేశమంతటినీ ఒప్పించింది. మంచిదే కావచ్చు. కానీ 2019లో జాతీయ గణాంక కార్యాలయం ఆరేళ్లు దాటినవారి దినచర్యను లెక్కగడితే, జీతంలేని ఇంటిచాకిరీ చేసే ఆడవారికి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారికి 97 నిమిషాలు దానికే పోతున్నాయని తేలింది. పైగా ఆ పని ముట్టుకున్న మగవారే నూటికి 26 మంది. 2024 సర్వేలో ఆ సగటు 289, 88. అయిదేళ్లలో తేడా తగ్గింది ఒక్క నిమిషం.

విచిత్రమేమిటంటే మూడు నాలుగేళ్ల పిల్లాడికి చీపురంటే మహా ఇష్టం. తడిగుడ్డ, బకెట్, చపాతీ కర్ర ఏది కనబడినా తనకే కావాలంటాడు. 'నువ్వు చేస్తే ఇంకా పాడవుతుంది, పో' అని లాక్కునేది పెద్దలే. పదేళ్లు అలా లాక్కున్నాక, తిన్న కంచం కూడా తీయడని పద్నాలుగేళ్ల కొడుకు మీద ఫిర్యాదు చేసేదీ వాళ్లే. వాడి తండ్రి తన కంచం తాను తీస్తాడా అన్నది ఎవరూ అడగరు, పిల్లాడు మాత్రం చూస్తూనే ఉంటాడు.

పాలు ఒలికించినవాడి చేతికి తిట్లకు బదులు గుడ్డ ఇచ్చి చూడొచ్చు. తుడవగా ఆ పాలు మంచం కిందకి కూడా చేరతాయి. వాడి చేత ఊడిపిస్తే చెత్త గది నాలుగు మూలలకూ సమానంగా సర్దుకుంటుంది. మళ్లీ ఊడవక తప్పదు. అయితే వాడి కళ్లముందే ఊడవకూడదు, నిద్రపోయేదాకా ఆగాలి. దీపాలు పెట్టాక చీపురు పడితే లక్ష్మి వెళ్లిపోతుందని నానమ్మ అంటుంది. ఈ ఒక్క సంగతిలో ఆమెను ఒప్పించాల్సింది ఆమె కొడుకే, చీపురు పట్టుకుని మరీ.