పరదేశికి పాత్ర లేదా?

మన గోదావరి మండలములలో కాబూలీవాలా యను మాటకు రెండర్థములు కలవు. మొదటిది పుస్తకములోనిది. 1892లో రవీంద్రనాథ ఠాకూరు వ్రాసిన కథలోని పండ్ల వర్తకుని తలంచుకొని మన యిండ్లలోని స్త్రీలు నేటికిని కన్నులు తుడుచుకొందురు. రెండవది వీధిలోనిది. అప్పిచ్చి, అరుగు ముందర కఱ్ఱ తాటించి, వడ్డీ చెల్లించుదాక కదలని పఠాను. మొదటివానికొఱకు ఏడ్చితిమి, రెండవవానిని చూచి తలుపులు వేసికొంటిమి. ఈ రెంటికిని చెందని మూడవ కాబూలీ యొకడు కలడు. అతడు పండ్లమ్మలేదు, వడ్డీ కీయలేదు. పసితనమున తల్లి వెంట కొండలు దాటివచ్చి నాటకరంగ మెక్కెను. అతని చరిత్రము మనయింటి గుట్టు కొంత బయలుపెట్టును గనుకనే యిచట చెప్పదలచితిని.

దానికి ముందు నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మా డెల్టా గ్రామములలో నొకదానియందు శ్రీరామనవమి పందిటిలో హరిశ్చంద్ర నాటక మాడుటకు యువకులు సన్నాహము చేసిరి. పాత్రలు పంచు సభలో నేనును కూర్చుంటిని. బియ్యపుమిల్లులో బస్తాలు మోయుటకు ఒరిస్సానుండి వచ్చిన యొక హమాలీ కుమారుడు, మా బడిలోనే తెలుగు చదువుకొన్నవాడు, లోహితాస్యుని వేషము తన కిమ్మని యడిగెను. వానికి మాటలును పద్యములును నోటికి వచ్చును. పెద్దలలో నొకరు నవ్వి, "మనవాడు కాడండీ. ఆ యాస వింటే జనం నవ్విపోతారండీ" అనిరి. పిల్లవాడు తలయెత్తి, "వేషం కడితే యాస రాదండీ. ఇంటికాడ మాటాడితేనే వస్తాదండీ" అనెను. ఎవ్వరును మాఱు పలుకలేదు. నేనును పలుకలేదు. వేషము పెద్దలలో నొకరి మేనల్లునికి పోయెను. ప్రదర్శనమునాడు ఆ బాలునికంటె తెర వెనుక మాట లందించువాని గొంతే బిగ్గరగా వినబడెను. జనము నిజముగా నవ్విరి.

ఆనాడు మే మాడిన దేనాటకము? రాజ్యము పోయి, భార్యాపుత్రులతో పరదేశము పట్టి, కాశిలో అమ్ముడుపోయి, శ్మశానమున కాపలా కాచిన వాని నాటకము. లోహితాస్యుడు కాందిశీకుని కొడుకు కాక మఱియెవ్వడు? ఆ పందిటికి చేరినవారిలో ఆ పాత్ర యనుభవము తెలిసిన బాలు డొక్కడే యుండెను. వానినే మేము వెలుపల నిలిపితిమి.

ఇక మూడవ కాబూలీ కథ. కాదర్ ఖాను 1937లో కాబూలు నగరమున జన్మించెను. అతనికి ముందు పుట్టిన మువ్వురు కుమారులు చిన్నతనముననే మరణించుటచే, ఈ బిడ్డయైన దక్కవలెనని తల్లి పట్టుపట్టగా ఆ కుటుంబము బొంబాయికి తరలివచ్చెను. యుద్ధమునకు వెఱచి వచ్చినవాడే కాందిశీకుడు, చావునకు వెఱచి వచ్చినవాడు కాడు అని శబ్దచర్చ చేయువారుందురు. బిడ్డ శవమును మూడుమార్లు మోసిన తల్లికి ఈ భేదము బోధించు ధైర్యము వారికి గలదేమో కనుగొనవలెను. వారు చేరినది కామాఠిపుర. పేదఱికమునకును పడుపువృత్తికిని పేరుపడిన పేట. తలిదండ్రులు విడిపోయిరి. ఇంట కూడు కఱవు. ఆ బాలుడు శ్మశానవాటికలో ఒంటరిగా కూర్చుండి తాను విన్న మాటలను తనకు తానే బిగ్గరగా పలుకుకొనెడివాడట. అది చూచి నాటకములవా రొకరు వేషమిచ్చిరని ఆయనయే చెప్పుకొనెను. ఆ వేషమిచ్చినవారు "నీ దేయూరు?" అని యడిగి యింటికి పంపియుండినచో ఈ కథ అక్కడనే ముగిసియుండును.

అతడు చదువు విడువలేదు. బొంబాయిలోని సాబూ సిద్దిక్ ఇంజనీరింగు కళాశాలలో సివిల్ ఇంజనీరింగు బోధించెను. పగలు పాఠము, రాత్రి నాటకము. స్వయముగా నాటకములు వ్రాసి, ఆడించి, ఆడెను. అట్టి ప్రదర్శన మొకటి చూచిన దిలీప్ కుమారు అతనిని చలనచిత్రములకు పిలిచెను. ఆ దిలీప్ కుమారు మాత్ర మెవ్వడు? పెషావరులో పుట్టిన యొక పండ్ల వర్తకుని కొడుకు. కాబూలీవాలా కథ చదివి యేడ్చిన మనము, పండ్ల బుట్ట వెనుక నిట్టి బిడ్డ లుందురని యూహింపలేదు. 1970వ దశకము మొదలు కాదర్ ఖాను వందలకొలది చిత్రములలో నటించెను. వందలకొలది చిత్రములకు సంభాషణములు వ్రాసెను.

"ఇది బొంబాయి ముచ్చట, మన కేమి సంబంధము?" అందురా? వినుడు. 1981లో మన తెలుగువారు తీసిన ఊరుకి మొనగాడు చిత్రమును పద్మాలయా సంస్థవారు 1983లో హిమ్మత్ వాలా యను పేర హిందీలో తీసిరి. 1982లోని దేవత చిత్రము 1984లో తోఫా యయ్యెను. రెంటికిని దర్శకుడు మన కె. రాఘవేంద్రరావుగారు. రెంటికిని సంభాషణములు వ్రాసినవాడు కాదర్ ఖాను. మన కథలు వింధ్య దాటి ఉత్తరదేశమున పలుకవలసివచ్చినప్పుడు వానికి నోరిచ్చినవాడు కాబూలులో పుట్టినవాడు. ఆ చిత్రములలోని హాస్యమంతయు సభ్యమైనదని నేననను. ఇంటిల్లిపాది కూర్చుండి చూడదగని ఘట్టము లందు కలవు. కాని ఆ లాభముతో మేడలు కట్టుకొన్నవారిలో నొక్కరైన "ఈ వ్రాతగాడు మనవాడు కాడు" అని సొమ్ము తిరిగి యిచ్చినట్లు నేను వినలేదు. పరదేశి పని పనికివచ్చును, పరదేశి పనికిరాడు: ఇదియే మన నీతి.

ఈ నీతిని సమర్థించువారు సాధారణముగా మూడు వాదములు చేయుదురు. ఒక్కొక్కటి పరీక్షింతము.

మొదటి వాదము భాష. ఇంట పరభాష మాటలాడువాడు రంగముమీద తెలుగు పలుకలేడట. సురభివారిని వీరు మఱచిరా? మహారాష్ట్రము నుండి వలసవచ్చి, తోలుబొమ్మలాడించి పొట్టపోసికొన్న కుటుంబములు వారివి. 1885లో కడప మండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావు మొదలగువారు కీచకవధ నాటక మాడిరి. నాటినుండి ఆ గ్రామము పేరే వారి యింటిపేరువలె నిలిచినది. ఇంట మరాఠీ, రంగమున తెలుగు. ఊయెలలోని శిశువు మొదలు అవ్వ వరకు అందఱును నటులే. మన కులీనులు పురుషులకు చీరలు కట్టి నాయికలని మురిసిన కాలముననే సురభివారి స్త్రీలు స్త్రీపాత్రలు ధరించిరి. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి యైన కమలాబాయి ఆ కుటుంబముల బిడ్డయే. తెలుగు వెండితెరపై మొదట పలికిన స్త్రీ గొంతు వలసవారి యింటినుండి వచ్చినది. ఇక యాస మాట చెప్పువా రేమందురు?

రెండవ వాదము సంప్రదాయము. నాటకము మన సొత్తు, పరులు చొరబడిన చెడునట. రాజమహేంద్రవరమునందు నిలిచి యీ మాట యనుటకు మిక్కిలి ధైర్యము కావలెను. 1880లో ధార్వాడ నాటక సమాజమువారు ఆ పట్టణమునకు వచ్చి ఆడిపోయిరి. వారు విడిచిన పాకలోనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత తెలుగు నాటకము లాడించిరి. మన యాధునిక రంగస్థలమునకు తొలి గుంజలు పరదేశులు పాతిపోయినవి. పంతులుగారి జన్మదినమైన ఏప్రిలు 16ను తెలుగు నాటకరంగ దినముగా జరుపుకొనుచు, దండలు వేయుచు, ఉపన్యాసము లిచ్చుచున్న మనము ఆ పాక మాట యేల దాచుచున్నాము?

మఱియు నాడు పంతులుగా రాడించిన చమత్కార రత్నావళికి మూల మేది? షేక్స్పియరు మహాకవి వ్రాసిన పొరపాట్ల ప్రహసనము. ఆ మూలము దేనితో నారంభమగును? తప్పిపోయిన బిడ్డను వెదకుచు పరాయి పట్టణమున నడుగుపెట్టిన యొక వృద్ధ వర్తకునికి, పరదేశి యగుటయే నేరముగా మరణదండనము విధించుటతో! ఆ వృద్ధుడు తన కథ చెప్పుకొనగా అధికారియే కరిగి గడువిచ్చును. అధికారి కరిగెను, మా గ్రామ నాటకసభవారము మాత్రము కరుగలేదు.

పారసీ నాటక సమాజములవారి మాట యేల చెప్పవలెను? ఇరానునుండి మతము కాపాడుకొనుటకు పాఱివచ్చి ఘూర్జరమున శరణు పొందినవారి సంతతి వారు. 1853లో బొంబాయిలో తమ నాటకమండలిని స్థాపించిరి. వారి తెరలు, వారి మెట్లు దేశమంతట వ్యాపించి మన పద్యనాటకములకును సోకినవి. శరణార్థుల చేతినుండి తీసికొన్న దీపముతో వెలుగు చూచుచు, శరణార్థిని చీకటిలో నిలుపుట యే సంప్రదాయము?

మూడవ వాదము అన్నిటికంటె నీచమైనది. "మన కెన్నడు నట్టి గతి పట్టలేదు, పట్టినవారితో మనకేమి?" పట్టలేదా? కాకినాడ కడుపునకు చేరువనున్న కోరంగి రేవునుండి ఓడలెక్కి బర్మాకు పోయినవారెవరు? బర్మావారు తెలుగువాని నెవ్వనినైనను కోరంగివాడనియే పిలిచెడివారు. రంగూను రేవులో మూటలు మోసినవారు మన బంధువులే. 1930 మే నెలలో అచ్చటి అల్లరులలో దెబ్బలు తిన్నవారు, చచ్చినవారు మనవారే. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు రంగూనుపై పడగా, అడవులు, కొండలు దాటి, కలరాకు, ఆకలికి దారిపొడవున బిడ్డలను పోగొట్టుకొనుచు నడచివచ్చిన లక్షలాది జనములో తెలుగువారెందఱో! 1960వ దశకమున మరల వెడలగొట్టబడి వచ్చినవారి పేర విశాఖపట్టణమున బర్మా క్యాంపు నేటికిని గలదు. కాందిశీకుడను మాట మన నిఘంటువులో నుండుట చాలదు. మన వంశవృక్షములో నున్నదని యొప్పుకొనవలెను.

నేడు ఆ మాట యెవరి నుదుట వ్రాయబడియున్నదో చూడుడు. 2021 ఆగస్టులో కాబూలు తాలిబానుల వశమైనది. ఆటపాటలే నేరములైనవి. ఆ నగరములోని సంగీతవిద్యాలయపు బాలబాలికలు వాద్యములు విడిచి దేశము దాటి పోర్చుగలులో తలదాచుకొనిరి. మన దేశమునకును ఎందఱో వచ్చిరి. మన దేశము 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై చేవ్రాలు చేయలేదు. శరణార్థులకై ప్రత్యేక శాసనమును లేదు. శాసనము లేనిచోట గృహస్థుని సంస్కారమే శాసనము. ఇల్లు అద్దె కిచ్చునప్పుడు, బడిలో చేర్చుకొనునప్పుడు, పాత్ర పంచునప్పుడు మన నోట వెలువడు మాటయే వారికి చట్టము. ఆ చట్టమును మేము మా పందిటిలో నెట్లు వ్రాసితిమో మీకు చెప్పియే యున్నాను.

కాదర్ ఖాను 2018 డిసెంబరు 31న కెనడాలోని టొరంటోలో కన్నుమూసెను. కాబూలులో పుట్టి, బొంబాయిలో వెలిగి, మూడవ దేశపు మట్టిలో కలిసెను. 2019లో ప్రభుత్వము పద్మశ్రీ ప్రకటించెను, వినుటకు ఆయన లేడు. బ్రతికినన్నాళ్లు నవ్వించిన వానికి చచ్చిన పిమ్మట బిరుదు! ఒకప్పుడు పదులకొలది యుండిన సురభి సమాజములు నేడు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మిగిలినవి. వానికిని మన మిట్టి మర్యాదయే సిద్ధము చేయుచున్నామని నా భయము. సంతాపసభలో చూపు ఔదార్యమునకు ఖర్చు లేదు.

కావున చదువరులారా, కన్నీటి కథలు చాలించి కార్యమునకు దిగుదము. మీ యూరి నాటకసమాజపు నిబంధనలు తెప్పించి చూడుడు. ఊరు, కులము, యింటిభాష యడుగు పంక్తి యున్నచో కొట్టివేయించుడు. వ్రాతలో లేక నోటిమాటగా నున్నచో సభలో లేచి ఖండింపుడు. బడి వార్షికోత్సవమున ఇటుకబట్టీల, మిల్లుల, రొయ్యల చెరువుల కూలీల పిల్లల కొక్కపాత్రయైన, గుంపులో నిలుచునది కాక మాటలున్నది, ఇప్పింపుడు. సురభివారు మీ పట్టణమునకు వచ్చినప్పుడు ఉచితపు పాసు కొఱకు సిఫారసులు చేయక, కుటుంబముతో టిక్కెట్టు కొని చూడుడు. తల్లులారా, మీ పిల్లలు పరభాషవాని యాసను వెక్కిరించినప్పుడు నవ్వకుడు. ఆ నవ్వే వారికి మొదటి పాఠము.

ఆ హమాలీ కుటుంబము మఱుసటి పంటకు తిరిగి రాలేదు. ఆ బాలుడేమయ్యెనో నేనెఱుగను. ఏ శ్మశానపు గోడమీదనో కూర్చుండి లోహితాస్యుని మాటలు తనలో తాను పలుకుకొనుచుండవచ్చును. వానికి వేషమిచ్చువా రెవ్వరో యొకరు దొరికియుందురని యాశించుటకైన నాకు హక్కు లేదు. ఆనాడు సభలో నా నోరు తెఱచుటకు ఒక్క క్షణము చాలియుండెను.