సరంగు చేతికి తెలుగు పుస్తకమేది?

వరద గోదావరి ఆంగ్లమెరిగినవానికొక దారి, ఎరుగనివానికొక దారి ఇయ్యదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండల దారిలో కచ్చులూరు కడ లాంచీ మునిగినప్పుడు అందున్న 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణములతో ఒడ్డు చేరిరి. మునిగిన లాంచీని అక్టోబరు 22వ తేదీన త్రాళ్లతోను లంగరులతోను ఒడ్డునకు లాగినది కాకినాడ వాసియగు ధర్మాడి సత్యము బృందము. తెలుగువానికి యంత్రపు పని పట్టుబడదనువారు ఈ సంగతి మరువకుందురుగాక.

శాసనములకు కొదువ లేదు. తెల్లదొరల నాటి 1917 చట్టము నూరేండ్లకు మించి నడచినది. దానిని తొలగించి 2021లో మన పార్లమెంటు లోతట్టు నౌకలకు క్రొత్త చట్టము చేసినది. భద్రాచలమునుండి రాజమహేంద్రవరము వరకు గల 171 కిలోమీటర్ల గోదావరి 2008లోనే నాల్గవ జాతీయ జలమార్గమున చేర్చబడినది. చట్టము తెలియదనుట సంజాయిషీ కాజాలదని మేము న్యాయస్థానములలో నిత్యము వినుచున్నాము. కాని విధిని పరభాషలో దాచి, ఎరుగవైతివని శిక్షించుట ఏ ధర్మము?

నౌకాయంత్ర శాస్త్రమున రీడ్సు గ్రంథమాలయు, మెక్‌జార్జి, పౌండరుల పేర వెలసిన గ్రంథములును జగత్ప్రసిద్ధములు. నానాజాతులవారితో కలసి మహాసముద్రములు దాటు ఇంజనీరు వానిని ఆంగ్లముననే చదువవలె. అందు మాకు వివాదము లేదు. కాని పోచవరము రేవున లాంచీ నడుపు మన్నెపు యువకునకు వేయి పుటల గ్రంథముతో పని లేదు. పై అంతస్తున జనము చేరినకొలది బరువు మీదికి జరిగి, ఒరిగిన లాంచీ తిరిగి నిలదొక్కుకొను శక్తి తగ్గును. అడుగున చేరిన నీరు ఒరిగిన ప్రక్కకే పరుగెత్తి మరింత ఒరగజేయును. ఇంజనును చల్లార్చు నీటి గొట్టము ఇసుకతో పూడినచో ఇంజను నడిప్రవాహమున వేడెక్కి నిలిచిపోవును. అది నిలిచినచో చుక్కానికిని పట్టు సడలును. ఈ నాలుగు ముక్కలు బొమ్మలతో నూరు పుటలలో తెలుగున చెప్పరాదా?

పారిభాషిక పదములు లేవందురు. చుక్కాని, లంగరు, అణియము, అమరము అను మాటలు ఏ విశ్వవిద్యాలయము ప్రసాదించినవి? పడవవాడే వానిని కాపాడెను. ఇంజను, పంపు అనునవి ఇప్పటికే వాని నోట తెలుగైనవి. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్రములను తెలుగున చెప్పించిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులు పదములు లేవని చేతులు ముడుచుకొని కూర్చుండలేదు.

పూర్వుల మార్గమును చూడుడు. 1244లో కాకతి గణపతిదేవుడు ఓడ వర్తకులకు అభయమిచ్చిన శాసనమును ఓరుగల్లు కోటలో దాచుకొనలేదు. మోటుపల్లి రేవుననే రాతిపై చెక్కించెను. పరుల మార్గమును కూడ చూడుడు. మధ్యపరగణాల పత్తిని సముద్రమునకు దింపుకొనుటకై ఆంగ్లేయులు దుమ్ముగూడెము కడ ఆనకట్టయు లాకులును కట్టిరి. 1871లో ఆ జలమార్గపు పనులను విడిచిపోయిరి. పత్తి మూటలకొరకు వారు ఈ నదిని అంత శ్రద్ధగా చదివిరే, మనుష్య ప్రాణములకొరకు మనము చదువవలదా?

1948 మార్చి 14వ తేదీన విశాఖలో నెహ్రూ పండితుడు జల ఉష నౌకను నీటికి విడిచినప్పుడు మనము పొంగిపోతిమి. ఓడను కట్టనేర్చిన జాతి దానిని నడుపు విద్యను తన భాషలో వ్రాసికొనకుండుట స్వరాజ్యము కాదు, సగము రాజ్యము.

2014 తరువాత ఈ నదీతీరము రెండు ప్రభుత్వములదైనది. నదికి ఆ ఎల్ల తెలియదు. కావున రెండును కలసి ఒకే పుస్తకమును అచ్చువేయవలె. చదువురాని కోయ, కొండరెడ్డి సోదరులకు వారి మాటలో చదివి వినిపింపవలె. లాంచీ లాంచీకి ఒక ప్రతి ఉండవలె. ఆ పుస్తకము నుండియే తెలుగున ప్రశ్నించి సరంగునకు యోగ్యతాపత్రము నియ్యవలె. ప్రయాణికులారా! టికెట్టు కొనునప్పుడు ప్రాణరక్షక కవచమును అడుగుడు. దానితోపాటు, మీ సరంగు చదివిన పుస్తకమేదని కూడ అడుగుడు. ఆ ప్రశ్న వేయి గొంతులనుండి వెలువడిననాడే అచ్చు యంత్రము కదలును.