చదును పలకపై ఘనరూపం

వస్తువు విలువ కొంత దాని బరువును బట్టి, కొంత అందులో ఇమిడిన విజ్ఞానాన్ని బట్టి ఏర్పడుతుంది. అడవి అంచున నివసించే ప్రజలకు ఈ భేదం జీవనోపాధికి సంబంధించిన విషయం. ఖమ్మం నుండి భద్రాచలం వరకు విస్తరించిన అటవీసీమలో టేకు, నల్లమద్ది, ఏగిస, బండారు వంటి వృక్షాలు పెరుగుతాయి. అక్కడి రైతులు జామాయిల్, సుబాబుల్ తోటలు పెంచి, కాగితపు పరిశ్రమకు కలపను టన్నుల లెక్కన అమ్ముతారు. తూకం మీద సాగే వ్యాపారంలో హస్తనైపుణ్యానికి చోటు తక్కువ. కలప ముక్కకు విజ్ఞానం తోడైతే దాని విలువ ఎంతగా పెరుగుతుందో తెలుసుకోవడానికి వంటింటిలో కూరగాయలు తరిగే చెక్క పలక ఒక్కటి చాలు.

తెలుగువారి వంటిళ్లలో చిరకాలం కత్తిపీటదే ఆధిపత్యం. నిలువుగా నిలిచిన కత్తికి కాయను ఒత్తి తరిగేవారికి వేరే పలకతో పని లేదు. నిలబడి వంట చేసే గట్లు వచ్చి, చాకు వాడకం పెరిగిన తరువాతే పలక అవసరమైంది. అటువంటి పలకలలో ఒక విశిష్టమైన రకం ఉంది. చూసేవారికి అది ఒకదానిపై ఒకటి పేర్చిన ఘనాల మెట్ల వరుసలా కనిపిస్తుంది. చేయి వేసి తడిమితే అద్దం వలె చదునుగా ఉంటుంది.

ఈ విచిత్రానికి మూలం సరళమైన రేఖాగణితం. 60, 120 డిగ్రీల కోణాలు గల మూడు సమచతుర్భుజాలను, వాటి 120 డిగ్రీల మూలలు ఒకే బిందువు వద్ద కలిసేటట్లు అమరిస్తే షడ్భుజి ఏర్పడుతుంది. ఒకదానికి లేత రంగు, మరొకదానికి మధ్యరంగు, మూడవదానికి ముదురు రంగు ఉంటే చాలు. వెలుతురు పైనుండి పడుతుందని భావించడం కంటికి అలవాటు. కనుక అది లేత భాగాన్ని పైముఖంగాను, ముదురు భాగాన్ని నీడ పడిన పక్కముఖంగాను గ్రహిస్తుంది. ఇటలీలోని పాంపే నగరంలో, క్రీ.శ. 79లో అగ్నిపర్వతం కప్పివేసిన ఒక భవనపు నేలపై ఇదే కూర్పు రంగురాళ్లతో నేటికీ కనిపిస్తుంది. గీతలతో గీసిన ఘనం చూస్తుండగానే ముందువెనుకలు తారుమారైనట్లు తోచడాన్ని స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు నెకర్ 1832లో వివరించాడు.

అడవిసీమ వడ్రంగికి ఈ మూడు రంగులు అద్దకం లేకుండానే లభిస్తాయి. బండారు కర్రది లేత పసుపు, టేకుది బంగారు గోధుమ వన్నె, నల్లమద్దిది ముదురు గోధుమ వన్నె. బాగా ఆరిన పలకలను 60 డిగ్రీల వాలుతో కమ్మీలుగా కోయాలి. పలక మందమెంతో, కోతల నడుమ లంబదూరమూ అంతే ఉండాలి. మూడు రంగుల కమ్మీలను తడికి ఊడని జిగురుతో అంటిస్తే షడ్భుజాకారపు కడ్డీ తయారవుతుంది. అటువంటి కడ్డీలను కట్టగా కూర్చి, చెరకు గడను కోసినట్లు అడ్డంగా కోస్తే ప్రతి బిళ్లపైనా అదే చిత్రం ప్రత్యక్షమవుతుంది. ఒక్కొక్క కమ్మీలో అర డిగ్రీ తగ్గినా మూడూ కలిసేచోట ఒకటిన్నర డిగ్రీల సందు పడుతుంది. కలప పచ్చిగా ఉంటే ఆరినకొద్దీ అతుకులు విడిపోతాయి. ఈ పని అజాగ్రత్తను దాచనివ్వదు.

అందం కోసమే ఇంత శ్రమ అని భావించరాదు. అడ్డంగా కోసిన ముఖంపై కలప నారలు నిటారుగా నిలుస్తాయి. చాకు అంచు వాటి నడుమకు దిగి బయటికి వస్తుంది కనుక గాట్లు తక్కువ పడతాయి, చాకు పదును నిలుస్తుంది. మాంసం కొట్టేవారు చింతమొద్దును నిలువుగా నిలిపి వాడడంలోని రహస్యమూ ఇదే. పాంపే నేలలోని చిత్రరచన, సంతలోని చింతమొద్దు నేర్పిన అనుభవం ఈ పలకలో ఏకమయ్యాయి.

ఒకదాన్ని చూసి మరొకటిగా భ్రమించడాన్ని ఆలంకారికులు భ్రాంతిమదలంకారమన్నారు. భారతకథలో మయసభ నేలను నీరని, నీటిని నేలని భ్రమించిన సుయోధనునికి దక్కింది అవమానం. వడ్రంగి కల్పించిన భ్రాంతి మాత్రం ఎవరినీ వంచించదు. కంటికి లోతును చూపి, చేతికి చదునును అందిస్తుంది. నిజం తెలిసిన తరువాత కూడా ఆనందం తరగకపోవడమే ఉత్తమ కళకు గుర్తు.

కూరలు తరిగే చెక్కకు ఇంత ఆడంబరమెందుకని కొందరు ప్రశ్నించవచ్చు. చవకైన ప్లాస్టిక్ పలక ఆ పనిని నెరవేరుస్తుందన్నది నిజమే. కానీ దానిపై గాట్లు పడేకొద్దీ సన్నని ప్లాస్టిక్ రేణువులు ఆహారంలో కలుస్తాయి. కలపతో చేసే వృత్తిని ప్రోత్సహిస్తే అడవికి గొడ్డలి ముప్పు పెరుగుతుందన్న ఆక్షేపణ ఇంతకంటే బలమైనది. దానిని తేలికగా తీసుకోరాదు. ఈ పలకకు నిండు దూలాలు అక్కరలేదు. కోతమిల్లుల వద్ద, తలుపులు, కిటికీలు చేసే దుకాణాల వద్ద పొయ్యిపాలయ్యే తునకలే చాలు. అనుమతితో కోసిన కలప తునకలకు, వంటింటికి హాని లేనివని తెలిసిన జాతులకు మాత్రమే పని పరిమితం కావాలి. ఈ నియమాన్ని పాటించని వృత్తి తన కొమ్మను తానే నరుక్కుంటుంది.

కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలు, ఉదయగిరి చెక్క గరిటెలు భౌగోళిక సూచిక గుర్తింపు పొందాయి. ఆ ఊళ్లకు కీర్తి కలప రాశుల వల్ల రాలేదు. చేతుల్లోని విద్య వల్ల వచ్చింది. భద్రాద్రి రాముని దర్శనానికి ఏటా వచ్చే యాత్రికులు తిరుగు ప్రయాణంలో ఏదో ఒక గుర్తును వెంట తీసుకొనిపోవాలని ఆశిస్తారు. ఆ గుర్తు అక్కడి యువకుల చేతిపని అయితే ఆదాయం ఆ సీమలోనే నిలుస్తుంది. అందుకు తరగతి గదిలోని గణితం, వడ్రంగి కొట్టంలోని ఉలి ఒకదానినొకటి గౌరవించాలి. పారిశ్రామిక శిక్షణా సంస్థలు వృద్ధులైన వడ్రంగులను బోధకులుగా ఆహ్వానించాలి. కోణమానిని పరీక్ష కోసమే పట్టుకొన్న విద్యార్థి, అర డిగ్రీ పొరపాటుకు కలప విడిపోవడాన్ని ఒక్కసారి చూస్తే గణితాన్ని మరువడు. చెట్టును తూకానికి అమ్మడమా, తునకను విద్యతో వెలగట్టడమా అన్నది ఆ సీమ యువత ముందున్న ఎంపిక. రెండవ దారి కష్టమైనదే. అడవిని, అడవిని నమ్ముకొన్న చేతులను కలిసి బతకనిచ్చేది మాత్రం అదే.