ఇంటి లెక్కలు: పాత బోర్డు, కొత్త బరువు

వైశాఖం వచ్చిందంటే మన చంద్రపురంలో రెండు మాటలు తప్పవు. నిన్న యెన్ని డిగ్రీలు కాసింది అన్నది ఒకటి. మీ యింట్లో ఫ్యూజు నిలుస్తున్నదా అన్నది రెండోది. నలభై అయిదు దాటిన యెండలో ముసలివాళ్లు, పసివాళ్లు వేగలేరు గనుక, వాయిదాల మీదనైనా సరే ఏ.సి. కొంటున్నాము. కొన్న మూడోనాడు వైర్‌మన్ వచ్చి, గోడమీది పాత బోర్డును పైకీ కిందకీ చూసి, "ఇది మోయదు సాహెబ్, మొత్తం మార్చాలి" అని ఒక అంకె చెప్పి సైకిలెక్కి పోతాడు. ఆ అంకె విన్నాకనే యింట్లో అసలు వేడి మొదలవుతుంది.

ఈ నెల ఆ అంకెను గురించి రాయవలసిందిగా ముగ్గురు నలుగురు చదువరులు అడిగారు. మేము యింజనీర్లము కాము. ఆఫీసులో బిల్లులు సరిచూసే గుమాస్తాలము. అయినా ఎస్టిమేటు అనేదాన్ని ముక్కలుగా విడదీసి చదవడం మాకు పొట్టకూటి విద్య గనుక, ఆ మేరకు చెప్పగలము.

కరెంటు మన వూరికి కొత్త వింత కాదు. ఇక్కడి థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1983లో నడిచింది. నేడు దాని సామర్థ్యం 2,920 మెగావాట్లు. దానికి బొగ్గు తవ్విన చేతుల్లో మనవాళ్ల చేతులూ వున్నవి. 1999 నుంచి యిక్కడి కరెంటు అయిదు లక్షల వోల్టుల లైను మీద 752 కిలోమీటర్లు ప్రయాణం చేసి ముంబయి దగ్గరి పడ్ఘేకు చేరుతున్నది. ఇంత జరుగుతున్నా, ఆ పొగగొట్టాలు కనిపించే వూళ్లోనే, లాల్‌పేటలో, బాబూపేటలో మన పెద్దలు కట్టుకున్న యిళ్లల్లో చెక్కబోర్డు, పింగాణీ కిట్‌కాట్ ఫ్యూజులు అట్లాగే వున్నవి. దీపం కింద చీకటి అంటే మరేమిటి?

ఆ బోర్డు పెట్టిననాడు తప్పేమీ లేదు. నాలుగు అరవై వాట్ల బల్బులు, రెండు పంకాలు, ఒక రేడియో. మొత్తం అర కిలోవాటుకు మించదు. అనగా రెండు ఆంపియర్ల చిల్లర. నేడు అదే తీగమీద ఏ.సి. ఒకటిన్నర కిలోవాట్లు, గీజరు రెండు, యిస్త్రీపెట్టె ఒకటి, ఆపైన ఫ్రిజ్జు, మిక్సీ, బట్టల మిషను, నీళ్ల మోటారు. అన్నీ ఒకేసారి వేస్తే ఆరు కిలోవాట్లు, యిరవై ఆరు ఆంపియర్లు. తీగలో ప్రవాహం రెండింతలైతే పుట్టే వేడి నాలుగింతలు అవుతుంది. ఈ సంగతి తీగకు తెలుసు, మనకే తెలియదు. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని అందులో లావుపాటి రాగితీగ చుట్టి చేతులు దులుపుకునే మహానుభావులు మనలో వున్నారు. దొంగను చూసి అరుస్తున్నదని కుక్క మూతికి గుడ్డ కట్టినట్లున్నది యీ పని.

ఇక అంకె సంగతి. మన సంఘంలోని ఒక పెద్దాయన, బొగ్గుగనిలో పనిచేసి పెన్షను పుచ్చుకుంటున్నవారు, తనకు వచ్చిన ఎస్టిమేటు కాగితం మా ముందు పెట్టారు. యాభై రెండు వేలు! హైదరాబాదులో వున్న కొడుకు, వేసవి సెలవులకు పిల్లలు వస్తారని, ఏ.సి. కొని పంపాడు. బోర్డు ఖర్చు మాత్రం కొడుకును అడగడానికి ఆయనకు మనసొప్పలేదు. "చల్లదనం వాడిచ్చాడు బాబూ, గోడ మాది గదా" అన్నారు.

కాగితం విడదీశాము. కొత్త పెట్టె, అందులో ఎనిమిది ఎం.సి.బి.లు, మెయిన్ స్విచ్చి కలిపి 6,500. ఆర్.సి.సి.బి. 2,500. ఎర్తింగు 4,000. రాగి వైరు చుట్టలు 18,000. కొత్తరకం స్విచ్చులు, పలకలు, పైపు 9,000. కూలి 12,000. అంటే అందరూ భయపడే ఆ "బోర్డు" వెల మొత్తంలో ఆరో వంతు మాత్రమే. తక్కినదంతా గోడల వెనుకది, చేతులది.

పెద్దాయన అప్పటికే రెండు పద్దుల మీద పెన్సిలుతో గీత కొట్టి తెచ్చారు. అవి ఆర్.సి.సి.బి., ఎర్తింగు! "ఇవి లేకపోయినా దీపం వెలుగుతుంది గదా" అని ఆయన వాదం. స్విచ్చుల పలకలు మాత్రం కోడలికి నచ్చుతవని వుంచారు.

అప్పుడు మంచినీళ్లు తెచ్చిన ఆయన భార్య, "కూలరు తాకితే చీమ కుట్టినట్లు జుమ్మంటుంది నాయనా, దానికేమైనా చేస్తారా?" అని అడిగారు. "అది యెప్పుడూ వున్నదే" అన్నారు పెద్దాయన. ఎన్నాళ్లనుంచి అని అడిగితే, నిరుటినుంచి అన్నారు ఆవిడ. చెప్పులు వేసుకుని నీళ్లు పోస్తున్నారట.

చదువరులు యిక్కడ కొంచెం ఆగాలి. ఇనుప కూలరు, దాని కడుపులో నీళ్లు, నీళ్లలో మోటారు, కింద తడినేల. విదర్భలో వేసవి వార్తల్లో కూలరు తాకి ప్రాణం పోయిన సంగతి తరచుగా చూస్తున్నదే. ఎం.సి.బి. కాపాడేది తీగను. పది, పదహారు ఆంపియర్లు దాటితేగాని అది కదలదు. మనిషి ప్రాణానికి అందులో నూరో వంతు చాలు. ఆర్.సి.సి.బి. చేసే పని వేరు. వెళ్లిన కరెంటు వెళ్లినంతా తిరిగి వస్తున్నదా అని గుమాస్తాలాగ జమాఖర్చు చూస్తూ వుంటుంది. ముప్ఫై మిల్లీ ఆంపియర్లు, అంటే పడకగది జీరో బల్బు తీసుకునేదానిలో సగం, లెక్క తగ్గి మనిషి వొంటిగుండానో తడిగోడ గుండానో పోతే రెప్పపాటులో లైను తెంచేస్తుంది. ఎర్తింగు వుంటే కూలరు వొంటిలోకి దిగిన కరెంటు యెవరి చేయీ తగలకముందే నేలకు పోతుంది, ఆర్.సి.సి.బి. అప్పుడే పడిపోతుంది. రెండూ కలిపి 6,500 రూపాయలు. నలభై వేల ఏ.సి. కొన్న యింట్లో బేరమాడవలసిన పద్దు యిదా?

పెన్సిలు గీతలు చెరిపి వేరే పద్దుల మీద పెట్టించాము. స్విచ్చుల పలకలు కొట్టివేత. వైరు మొత్తం యీ యేడే మార్చనక్కరలేదు. ఏ.సి.కి మాత్రం నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు బోర్డునుంచి వేరుగా, మధ్యలో అతుకు లేకుండా. పాత దీపాల లైన్లకు ఆరు ఆంపియర్ల చిన్న ఎం.సి.బి.లు పెడితే తీగ కాలకముందే అవే పడిపోతవి. గీజరు లైను దసరా తరువాత, చలి రాకముందు. ఇట్లా మొదటి విడత 20,500కు దిగింది. మిగిలినది పెన్షనులో కొంత కొంత కూడబెట్టి చేయవచ్చు.

కంపెనీ సంగతి కూడా రెండు ముక్కలు. మీటరు దాకా మహావితరణ్‌ది, మీటరు దాటినది మనది. సీలు జోలికి పోరాదు. బిల్లుమీద "మంజూర్ భార్" అని మరాఠీలో వుండే అంకె చూడండి. చాలా పాత కనెక్షన్లకు అది ఒకటి, రెండు కిలోవాట్ల దగ్గరే వుంటుంది. బరువు పెంచినప్పుడు దానికీ దరఖాస్తు పెట్టాలి, లైసెన్సు వున్న కంట్రాక్టరు పరీక్ష కాగితం జతపరచాలి, అదనపు డిపాజిట్టు కట్టవలసి రావచ్చు. త్రీఫేజు పెట్టించుకోమని కొందరు తొందరపెడతారు. ఒకే ఏ.సి. వున్న యింటికి అది అవసరమా అని ముందు అడగండి, దాని నెలవారీ స్థిరఛార్జీ హెచ్చు. లైసెన్సు లేనివాడు కూలిలో వెయ్యి రూపాయలు తగ్గించి చేస్తానన్నా మేము వొద్దనే అంటాము. రేపు యేదైనా జరిగితే సంతకం పెట్టిన మనిషి వుండాలి.

అన్నదమ్ములు పంచుకున్న యిళ్లల్లో యెవరు పెట్టుకోవాలనే తగాదా వేరు. మీటరు ఒకటే అయితే ఖర్చు సమం చేసుకోవడమే మంచిది.

పెద్దాయన యింట కొత్త పెట్టె పెట్టిననాడు ఆర్.సి.సి.బి. నిలువనే లేదు, పెట్టగానే పడిపోయింది. "కొత్త సరుకు చెడ్డది" అని ఆయన మండిపడ్డారు. వైర్‌మన్ ఒక్కొక్క వస్తువూ పీకి చూస్తే, కూలరు పంపు తీసినప్పుడు నిలిచింది. నాలుగు వందల రూపాయల పంపు మార్చారు. దానిమీద పరీక్షకని ఒక చిన్న బొత్తాం వుంటుంది. నెలకొకసారి నొక్కాలి. ప్రతి నెలా కరెంటు బిల్లు వచ్చిననాడు నొక్కే పని ఆవిడ పుచ్చుకున్నారు.