లేజరు గాయానికి ఎండు కట్టు తగదు

పుండు ఎండితేనే మానుతుందన్న నమ్మకం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నది. మొటిమల గుంటలకు లేజరు చికిత్స చేయించుకున్నవారి ముఖాన పసుపు అద్దడం, పౌడరు చల్లడం ఈ నమ్మకం వల్లనే. రోమాలు తొలగించే లేజరులో చర్మం సాధారణంగా చిట్లదు; కట్టు అవసరం ఉండదు. కాని పై పొరను తొలగించే కార్బన్ డయాక్సైడ్ లేజరు తరువాత ఎండబెట్టడం హానికరమని మా అభిప్రాయం.

1962లో జార్జ్ వింటర్ పందులపై చేసిన ప్రయోగంలో, గాలికి వదిలిన గాయాలకన్నా పాలిథీన్ పొర కప్పిన గాయాలపై కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో అల్లుకున్నది. పాకివచ్చే కణాలకు తేమ దారి ఇస్తుంది. ఎండిన పక్కు అడ్డుగోడ అవుతుంది.

మరి ఏ కట్టు మేలు? పొడి గాజ్‌గుడ్డ గాయానికి అంటుకొని, తీసేటప్పుడు లేతచర్మాన్ని ఊడదీస్తుంది. హైడ్రోజెల్, సిలికాన్ పొరలు నొప్పిని తగ్గిస్తాయి. అయితే వాటి ధర ఎక్కువ. వైద్యుడు చెప్పిన గడువుకు మార్చకుంటే అడుగున చీము పట్టే ప్రమాదమున్నది. తెల్లని పెట్రోలియం జెల్లీ చవక. గాయం కంటికి కనబడుతూనే ఉంటుంది. మాటిమాటికి పూయవలసిరావడమే దాని ఇబ్బంది. చిన్న చర్మశస్త్రచికిత్సల గాయాలపై 1996లో వెలువడిన అమెరికా పరిశోధనలో, జెల్లీకీ బాసిట్రాసిన్ యాంటీబయాటిక్ లేపనానికీ మధ్య ఇన్‌ఫెక్షన్ విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా జెల్లీ ఎవరికీ అలర్జీ కలిగించలేదు. కనుక వైద్యుడు వేరుగా చెప్పనప్పుడు, శుభ్రమైన చేతులతో పూసే జెల్లీయే సామాన్య గృహస్థులకు అనుకూలం.

ఇది మన శాస్త్రానికి విరుద్ధం కాదు. పదునాలుగు విధాల కట్లను వర్ణించిన సుశ్రుతుడే, అగ్నిదగ్ధ వ్రణాలకు కట్టు కట్టరాదన్నాడు. నేతితో కూడిన లేపనాలు చెప్పినాడు. స్నిగ్ధత కాపాడడమే అందలి సారం. అట్లని వంటింటి నేయి, తేనె, పసుపు, కలబంద గుజ్జు పచ్చిగాయంపై పూయరాదు. అవి క్రిమిరహితం కావు; చర్మం రేగితే మన చామనచాయకు నల్లమచ్చలు మిగులుతాయి.

నొప్పి పెరిగినా, చీము, జ్వరం, నీటిపొక్కుల గుంపులు కనబడినా వెంటనే వైద్యుని చూడవలెను. మానిన తరువాత నెలల తరబడి ఎండ తగలనీయరాదు. చికిత్సకు వేలు ఖర్చుచేసి, ఆపై చిటికెడు పసుపుతో ఆ ఫలితాన్ని పోగొట్టుకోవడం వివేకం కాదు.